ఫ్యాక్టరీనా, కాలువా, రాయితీనా, చేతికి డబ్బా: సర్కారును ఏది అడగాలి?

ఎన్నికలు దగ్గరపడితే అభివృద్ధి మన ఊరికి నాలుగు వేషాల్లో వస్తుంది. ఒకాయన ఫ్యాక్టరీ పెట్టిస్తానంటాడు. ఇంకొకాయన ఆగిపోయిన కాలువ తవ్విస్తానంటాడు. మూడో ఆయన ఫారిన్ కంపెనీని రప్పిస్తానంటే, నాలుగో ఆయన ఎకరానికి ఇంత చొప్పున నేరుగా ఖాతాలో వేస్తానంటాడు. వింటే నాలుగూ బాగానే ఉంటాయి. ఖజానా మాత్రం ఒక్కటే. ఒకదానికి పెట్టిన రూపాయి ఇంకోదానికి ఉండదు. ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో తెలిస్తే అడిగేటప్పుడు కాస్త గట్టిగా అడగొచ్చు.

ఏ పథకం గురించి విన్నా నేను రెండు సంగతులు చూస్తాను. ఈ పని ప్రభుత్వం చేయకపోతే ఇంకెవరైనా చేసేవాళ్ళా? రేపు ప్రభుత్వం చేయి తీసేస్తే ఏం మిగులుతుంది? ఈ రెండు ప్రశ్నల దగ్గర అన్ని పార్టీల ప్రభుత్వాలూ ఎక్కడో ఒకచోట దొరికిపోతాయి. అందుకే ఇవంటే నాకిష్టం.

సర్కారే యజమాని అయితే

1970 ఏప్రిల్‌లో రెండు ఉక్కు కథలు మొదలయ్యాయి. ఆ నెల 1న దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో పోస్కో కర్మాగారానికి పనులు ప్రారంభమయ్యాయి. అదే నెల 17న ఇందిరా గాంధీ విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం పెడతామని పార్లమెంటులో ప్రకటించారు. ఆ ప్రకటన ఊరికే రాలేదు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ సాగిన ఉద్యమంలో 32 మంది చనిపోయారు.

పోహాంగ్‌లో 1973 జులైకల్లా ఉక్కు తయారైంది. విశాఖలో 1971 జనవరిలో శంకుస్థాపన రాయి పడింది, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ రాయే ఉంది. ఫ్యాక్టరీని నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్ అనే సర్కారు కంపెనీ ఏర్పడిందే 1982లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1992 ఆగస్టులో దాన్ని జాతికి అంకితం చేశారు. అప్పటికి ఖర్చు మొదటి అంచనాకు రెట్టింపు దాటిపోయింది.

రెండూ ప్రభుత్వం పెట్టినవే. విశాఖ గురించి మాట్లాడేటప్పుడు సొంత ఇనుప గనులు ఇవ్వలేదనే మాట తప్పకుండా వస్తుంది. నిజమే, దానివల్ల ఖనిజం బయట కొనాల్సి వచ్చి భారం పెరిగింది. కానీ పోస్కోకూ గనులు లేవు. అసలు ఆ దేశంలోనే చెప్పుకోదగ్గ ఇనుప ఖనిజం లేదు, ఓడల్లో తెచ్చుకున్నారు. కాబట్టి గనుల మాట సగం జవాబే. మిగతా సగం ఆలస్యంలో ఉంది. ఇరవై ఏళ్ళు నిర్మాణం సాగిన ఫ్యాక్టరీ పుట్టడమే వడ్డీ మూటతో పుడుతుంది. కొరియా వాళ్ళు జపాన్ నుంచి వచ్చిన పరిహారం డబ్బును ఇందులో పెట్టారు. అప్పు ఇస్తుందనుకున్న విదేశీ సంస్థల కూటమి ఇవ్వకుండా వెనక్కి తగ్గాక, సర్కారు దిగకపోతే కట్టేవాళ్ళే లేరు. నిలదొక్కుకున్నాక 2000 నాటికి దాన్ని ప్రైవేటుకు వదిలేశారు.

మన దగ్గర 2021 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కులో వాటాలన్నీ అమ్మేయాలని సూత్రప్రాయంగా నిర్ణయించింది. కార్మికులు రోడ్డెక్కారు. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది యజమానికే తేలని ఇల్లు అది. ఈలోగా భూములిచ్చిన నిర్వాసితుల్లో ఆర్ కార్డులు (నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డులు) పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగినవాళ్ళ రెండో తరం కూడా పెద్దదైపోయింది. గాజువాక, ఉక్కునగరం వైపు బతుకులు ఆ ఫ్యాక్టరీ మీద నిలబడ్డాయన్నదీ అంతే నిజం. నష్టాల పట్టికలో ఆ లెక్క కనపడదు.

ఇంకో కథ చెప్పకపోతే పబ్లిక్ సెక్టార్‌కు అన్యాయం చేసినట్టే. 1960లలో సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ పెట్టారు. వ్యాపారంగా అది గెలవలేదు. 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. అయితే మందు తయారీలో ఏ రసాయనం ఏ వేడి దగ్గర ఏం చేస్తుందో చేతులారా నేర్చుకున్న కెమిస్టులు అక్కడ తయారయ్యారు. కల్లం అంజిరెడ్డి కొన్నాళ్ళు అక్కడే పనిచేశారు. బయటికొచ్చి కంపెనీలు పెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన ఒక్కరే కాదు, ఈరోజు హైదరాబాద్ బల్క్ డ్రగ్ (మందుల ముడి రసాయనాల) పరిశ్రమ వంశవృక్షం గీస్తే చాలా కొమ్మలు ఐడీపీఎల్ దగ్గరికే వెళ్తాయి. తార్నాకలో ప్రభుత్వ పరిశోధన సంస్థ, ఇప్పటి ఐఐసీటీ, ఉండనే ఉంది. ఫ్యాక్టరీ పోయినా పనితనం మిగిలింది. నా రెండో ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

అంటే సర్కారు ఫ్యాక్టరీ ఎప్పుడు అడగాలి? ఆ పని తెలిసినవాళ్ళు దేశంలో లేనప్పుడు, పెట్టుబడి మరీ పెద్దదై ఎవరూ ముందుకు రానప్పుడు. సిమెంటో, పంచదారో, టీవీలో తయారు చేయడానికి ఇవాళ సర్కారు కంపెనీ అడగడం నాకు అర్థం కాదు. చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

టోలు వసూలు చేయలేని పనులు

1833 నాటి కరువులో గుంటూరు ప్రాంతం తుడిచిపెట్టుకుపోయినంత పనైంది. గోదావరి నిండుగా పారుతూనే ఉంది, సముద్రంలో కలుస్తూనే ఉంది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆ పని ఏ షావుకారూ ఎందుకు చేయలేదంటే, డబ్బు లేక మాత్రమే కాదు. ఆనకట్ట కడితే వేలాది పొలాలకు నీళ్ళొస్తాయి, పంట పెరుగుతుంది, సంతలో వ్యాపారం పెరుగుతుంది. ఈ లాభమంతా వేలమంది ఇళ్ళలోకి చెదిరిపోతుంది. కట్టినవాడు గడప గడపకూ వెళ్ళి తన వాటా వసూలు చేసుకోలేడు. సర్కారుకు ఆ అవస్థ లేదు. శిస్తు రూపంలో అదే తిరిగొస్తుంది. కంపెనీ దొరలు దయతో కట్టలేదు, లెక్క చూసుకునే కట్టారు. అయినా గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ విగ్రహం ఉందంటే జనం లెక్క జనానికుంది.

తర్వాత జరిగింది మనందరికీ తెలిసిందే. డెల్టాలో మిగిలిన పంట డబ్బు రైస్ మిల్లులయింది, సినిమా హాళ్ళయింది, తర్వాత కాలేజీలయింది, హైదరాబాద్‌లో కంపెనీలయింది. ఆనకట్ట కట్టిన రోజున ఈ జాబితా ఎవరూ రాసి పెట్టుకోలేదు. పునాది పనుల్లో ఉన్న గొప్పతనం అదే. ఏ వ్యాపారం గెలుస్తుందో సర్కారు ముందే ఊహించాల్సిన పని లేదు.

హైటెక్ సిటీని చాలామంది కంపెనీలను రప్పించిన కథగా చెప్తారు. నేను దాన్ని ఎక్కువగా పునాది కథగానే చూస్తాను. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి రాష్ట్రంలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. కేంద్రం 1991లోనే సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల వ్యవస్థ మొదలుపెట్టింది. అదే 1998లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. తర్వాత 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ పైన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. వీటిని మొదలుపెట్టినవాళ్ళు ఒకరు, పూర్తి చేసినవాళ్ళు ఒకరు, అనుభవించినవాళ్ళు ఇంకొకరు. ఎవరి వల్ల వచ్చిందని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటాం గానీ, ముఖ్యమంత్రులు మారినా పని ఆగకపోవడమే అసలు కారణమని నా లెక్క.

పని ఆగితే ఎలా ఉంటుందో అమరావతి చూపించింది. 2015లో ల్యాండ్ పూలింగ్ కింద, అంటే రాజధాని కోసం భూములన్నీ ఒకచోట చేర్చే పథకంలో, రైతులు 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ఆ అక్టోబర్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2019లో ప్రభుత్వం మారింది, మూడు రాజధానులన్నారు, క్రేన్లు ఆగిపోయాయి. 2024లో మళ్ళీ మారింది, మళ్ళీ పనులు మొదలయ్యాయి. ఎవరిది తప్పు అనే వాదనలోకి నేను వెళ్ళను. పునాది పని అడిగేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోవాలి. ఇది ఒక్క అయిదేళ్ళలో, కనీసం ముక్కలు ముక్కలుగానైనా, వాడుకునే దశకు వస్తుందా? మూడొంతులు పూర్తయిన కాలువలో నీళ్ళు మూడొంతులు పారవు.

రాయితీలిచ్చి పిలవడం

కియా ఉదాహరణ తీసుకుందాం. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాలు. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి. 2019లో కార్లు బయటికొచ్చాయి, ఆ డిసెంబర్‌లో లాంఛనంగా ప్రారంభమైంది. విశాఖ ఉక్కు కాలపట్టికతో పోలిస్తే కళ్ళు తిరిగే వేగం. చిత్రమేమిటంటే, పోస్కో లాంటి సర్కారు పెట్టుబడుల మీద ఎదిగిన దేశం నుంచి వచ్చిన కంపెనీని మనం రాయితీలిచ్చి పిలుచుకున్నాం. మన రాష్ట్రాలన్నీ చేస్తున్నదీ అదే.

రాయితీ మాత్రమే కియాను తెచ్చిందా? మ్యాప్ తీసి చూడండి. పెనుకొండ హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి మీద ఉంది. బెంగళూరు విమానాశ్రయం కారులో కొద్ది గంటల్లోపే. శ్రీశైలం నుంచి ఎత్తిపోసే హంద్రీ-నీవా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాకే ఆ కరువు నేల మీద కార్ల ఫ్యాక్టరీకి నీళ్ళిస్తామని చెప్పగలిగారు. అంటే ముందు కాలువ, తర్వాత కంపెనీ. రోడ్డూ నీళ్ళూ లేని చోట ఎంత రాయితీ ఇచ్చినా బోర్డు దాటి ఫ్యాక్టరీ రాదు. వచ్చినా రాయితీ గడువు తీరేదాకే ఉంటుంది.

ఈ దారిలో ఉన్న ప్రమాదం రాష్ట్రాల మధ్య వేలంపాట. మనం ఎకరం ఇంతకిస్తామంటే పక్క రాష్ట్రం అంతకన్నా తక్కువకిస్తానంటుంది. చివరికి గెలిచేది కంపెనీ. కొరియాలో 1960, 70లలో సర్కారు వ్యాపారులకు చవకగా అప్పులిచ్చింది గానీ ఎగుమతి లక్ష్యం చేరకపోతే మళ్ళీ ఇవ్వలేదు. మన రాయితీ జీవోల్లో ‘ఇస్తాం’ అనేది పెద్దక్షరాల్లో ఉంటుంది, ‘ఇవ్వకపోతే వెనక్కి తీసుకుంటాం’ అనేది ఉంటే అడుగున ఉంటుంది. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు అనేది కూడా ఇందులోనే తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. నాకు ఆ దారి మీద నమ్మకం తక్కువ. ఫ్యాక్టరీ రాకముందే పక్కన ఐటీఐ బాగుచేస్తే చట్టంతో పని తక్కువ పడుతుంది.

ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ) గురించి రెండు ముక్కలు చాలు. లాభమొచ్చినప్పుడు అది బాగానే నడుస్తుంది, శంషాబాద్ విమానాశ్రయం సాక్ష్యం. నష్టమొచ్చినప్పుడే అసలు ఒప్పందం ఏమిటో బయటపడుతుంది. హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో పరుగు మొదలెట్టింది, జనం బాగానే ఎక్కారు, అయినా అప్పుల భారంతో ఎల్ అండ్ టీ తప్పుకుంటానంటే 2025లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తీసుకోవడానికి ఒప్పుకుంది. పీపీపీ అని ఎవరైనా అంటే, నష్టం ఎవరి ఖాతాలోకి వెళ్తుందని ఆ క్షణమే అడగండి.

ఖర్చు లేని పాత్ర, మనం అడగని పాత్ర

సర్కారుకు ఇంకో పాత్ర ఉంది: తాను ఆడకుండా, ఆటకు నియమాలు పెట్టి అవి పాటించేలా చూసే రెఫరీ. రెఫరీ కావాలని ఏ సభలోనూ ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ మన దగ్గర పెద్ద మార్పులు తెచ్చిన వాటిలో ఇదొకటి.

1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందు మీద పేటెంట్ ఉండదు, దాన్ని తయారు చేసే పద్ధతి మీదే ఉంటుందని అది చెప్పింది. వేరే పద్ధతిలో అదే మందు చేస్తే తప్పు కాదు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులకు అంతకన్నా ఏం కావాలి! 2005లో ప్రపంచ వాణిజ్య ఒప్పందం వల్ల చట్టం మార్చేనాటికి మన కంపెనీలు అమెరికాకు మందులు అమ్మే స్థాయికి చేరాయి. ఖజానా నుంచి పోయింది దాదాపు ఏమీ లేదు.

అదే పరిశ్రమ విషయంలో రెఫరీ నిద్రపోయిన సంగతి కూడా చెప్పుకోవాలి. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఆ ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి చెరువులు, బోర్లు పాడయ్యాయి. పొలాలు పోయాయి. రైతులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. అభివృద్ధి బిల్లు కట్టినవాళ్ళు వాళ్ళు.

రెఫరీ ఆలస్యంగా మేల్కొంటే ఇంకో రకం నష్టం. 2000 తర్వాత సూక్ష్మ రుణ కంపెనీలు ఊరూరా దిగి ఒక్కో మహిళకు మూడు నాలుగు చోట్ల అప్పులిచ్చాయి. వారం వారం వసూళ్ళు, గుమ్మం ముందు కూర్చోవడం, అవమానాలు, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబర్‌లో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ళు నెలకోసారే, అదీ పంచాయతీ ఆఫీసు లాంటి చోటే అంది. వేధింపులు తగ్గాయి. వసూళ్ళూ కుప్పకూలాయి, కంపెనీలు వెళ్ళిపోయాయి. తర్వాత చేబదులు కావాలంటే మళ్ళీ వడ్డీ వ్యాపారి గుమ్మమే దిక్కైన ఇళ్ళున్నాయి. రిజర్వ్ బ్యాంకు ఆ తర్వాత తెచ్చిన నిబంధనల లాంటివి అయిదేళ్ళ ముందే ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నా అనుమానం.

అతి చేస్తే ఇదీ చెడుతుంది. 1991కి ముందు ఎంత ఉత్పత్తి చేయాలో కూడా లైసెన్సే చెప్పేది. స్కూటర్ బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరాన్ని అడగండి, రెఫరీయే బంతి పట్టుకుని కూర్చుంటే ఆట ఎలా ఉంటుందో చెప్తారు.

చేతికి డబ్బు

2018 మేలో తెలంగాణ రైతుబంధు మొదలైంది, పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. తర్వాత 5,000 అయింది. కేంద్రం పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 ఇస్తోంది. పనులు మొదలయ్యే వేళకు చేతిలో డబ్బు పడితే విత్తనాల కోసం షావుకారు దగ్గరికి వెళ్ళే అవసరం కొంత తగ్గుతుంది. మధ్యలో తినేవాళ్ళు తక్కువ. ఇవి చిన్న మేళ్ళు కావు.

ఇబ్బంది రెండు చోట్ల. రైతుబంధు పట్టా ఉన్నవాళ్ళకే వెళ్ళింది. పొలం దున్నే కౌలు రైతుకు రాలేదు, భూమి ఉండి సాగు చేయని ఆసామికి వచ్చింది. ఎకరాల లెక్కన ఇస్తే ఎక్కువ ఎకరాలున్నవాళ్ళకే ఎక్కువ వెళ్తుంది, ఇందులో గణితం తప్ప రహస్యమేమీ లేదు. రెండోది, 5,000 ఇస్తే యూరియా కొనుక్కోవచ్చు, కాలువ కొనుక్కోలేం. బజార్లో దొరికే వస్తువుకైతే డబ్బు సరైన సాయం. దొరకని దానికి డబ్బిస్తే ఆ అవసరం అలాగే ఉంటుంది.

అలాగని నగదును ఉచితాలని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యాన్ని కూడా అప్పట్లో అలాగే వెక్కిరించారు. ఇంట్లో బియ్యం ఉన్న కూలీ, ఎంత కూలిచ్చినా సరేనని పొద్దున్నే పరుగెత్తడు. అది కూడా ఆర్థిక మార్పే.

మరి మీ ప్రాంతానికి?

పాలమూరు, అనంతపురం లాంటి వాన తక్కువ చోట ఉంటే మొదటి ఓటు నీళ్ళకే. కంపెనీ మాట తర్వాత. అది కూడా కొత్త శంకుస్థాపన కాదు, ఎనభై శాతం అయి ఆగిపోయిన పాత పనిని అడగండి. తక్కువ ఖర్చుతో త్వరగా ఫలితం వచ్చేది అక్కడే.

హైవే పక్కన, పోర్టుకు దగ్గరగా ఉండి నీళ్ళూ కరెంటూ ఉంటే కంపెనీని పిలవమనొచ్చు. ఇచ్చే భూమి ధర, ఉద్యోగాల సంఖ్య, మాట తప్పితే ఏం చేస్తారు, ఈ మూడూ ఒప్పందంలో రాసి బయట పెట్టమనాలి. ఫ్యాక్టరీలు ఇప్పటికే ఉన్న చోట, పటాన్‌చెరు లాంటి చోట, ఇంకో ఫ్యాక్టరీ కన్నా పనిచేసే కాలుష్య నియంత్రణ అధికారి మేలు. సర్కారు సొంత కంపెనీ కావాలనుకుంటే, ఆ పని ఇంకెవరూ ఎందుకు చేయట్లేదో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వదిలేయండి.

కౌలు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో నగదు పథకం ప్రకటిస్తే సంబరపడే ముందు జాబితాలో పేర్లు ఎవరివో చూడండి. నిజంగా దున్నేవాళ్ళ పేర్లు లేకపోతే, ఎకరానికి ఇంకో వెయ్యి పెంచమనడం కన్నా కౌలు గుర్తింపు కార్డు అడగడం ఎక్కువ లాభం. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం దాని వెంటే వచ్చే అవకాశం ఉంది.

చివరగా బడ్జెట్ పుస్తకం సంగతి. శాసనసభలో పెట్టాక అది ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. ప్రతి పద్దు పక్కన వచ్చే ఏడాది అంచనా, ఈ ఏడాది సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది నిజంగా అయిన ఖర్చు వేర్వేరు గడుల్లో ఉంటాయి. పేపర్లలో పతాక శీర్షిక అయ్యేది మొదటి అంకె. మీ ప్రాజెక్టు పేరు దగ్గర ఆ నిజంగా అయిన ఖర్చు గడిలో ఏముందో చూసుకుని ఆ కాగితం జేబులో పెట్టుకుని సభకు వెళ్ళండి.